మలయాళం సినిమా వాళ్ల ఊరిని అంత సహజంగా ఎలా చూపిస్తుంది? డబ్బింగ్ మాటలు రాసేవాడి జవాబు

మీరు అడిగింది ఇది: "మలయాళం సినిమాల్లో వాళ్ల సంస్కృతి అంత సహజంగా ఎలా కనిపిస్తుంది? బడ్జెట్ తక్కువ కాబట్టి అలా తీస్తారా, లేక అక్కడి జనమే అలాంటివాళ్లా? అదే కథ మనం రీమేక్ చేస్తే రుచి ఎందుకు పోతుంది?"

నేను ఉద్యోగం కోసం పదకొండేళ్లు త్రిశూర్‌లో ఉన్నాను. తిరిగొచ్చాక మలయాళం సినిమాలకి తెలుగు సబ్‌టైటిళ్లు, డబ్బింగ్ మాటలు రాస్తూ బతుకుతున్నాను. కాబట్టి విమర్శకుడిలా చెప్పలేను. నా పని ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి బిందెతో నీళ్లు మోయడం లాంటిది. దారిలో ఎన్ని నీళ్లు ఒలికిపోతాయో మోసేవాడికే తెలుస్తుంది. ఆ ఒలికిపోయేదాని గురించి చెబితే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది.

తెర మీద ఒక కుర్రాడు ఇంట్లోకి వస్తూ తండ్రిని పిలిచాడనుకోండి. 'అచ్ఛన్' అంటే హిందువుల ఇల్లు. 'అప్పచ్చన్', 'చాచన్' అంటే క్రైస్తవుల ఇల్లు. 'ఉప్ప' అన్నా 'వాప్ప' అన్నా ముస్లింల ఇల్లు. అందులో ఉప్ప ఎక్కువగా మలబార్ వైపు, అంటే ఉత్తర కేరళ మాట, వాప్ప దక్షిణ కేరళ మాట. అన్నయ్య కూడా అంతే: చేట్టన్, ఇక్క, అచ్చాయన్. అభిమానులు మోహన్‌లాల్‌ని 'లాలేట్టన్' అనీ, మమ్ముట్టిని 'మమ్ముక్క' అనీ పిలవడం మీరూ వినే ఉంటారు. ఇద్దరూ అన్నలే, పిలుపులు మాత్రం వేరు. అంటే సినిమా మొదలైన అర నిమిషానికే, ఎవరూ ఏమీ వివరించకుండా, మలయాళీ ప్రేక్షకుడికి ఆ ఇంటి మతం తెలిసిపోతుంది, ఆ కుటుంబం ఏ వైపుదో లీలగా అందుతుంది. నేను తెలుగులో ఏం రాస్తాను? "నాన్నా!" అంతే. బిందెలో మొదటి చెంబు అక్కడే ఒలికిపోయింది.

తర్వాత యాస. 'ఏమిటి' అన్న ఒక్క మాట చూడండి. పుస్తకాల మలయాళంలో అది 'ఎందు'. త్రిశూర్‌లో 'ఎందూట్ట్'. తిరువనంతపురంలో 'ఎందర్'. కాసరగోడ్ వైపు వెళితే అటు కన్నడ, తుళు కలిసిన యాస. త్రిశూర్ వాళ్లకే కొన్నిసార్లు సబ్‌టైటిళ్లు కావాలనిపిస్తుంది. ఇంత తేడా ఎందుకంటే కేరళ ఒక ముక్క కాదు. తిరువితాంకూర్ ఒక రాజ్యం, కొచ్చి ఇంకో రాజ్యం, మలబార్ బ్రిటిష్ వాళ్ల మద్రాసు రాష్ట్రంలో భాగం. అన్నీ కలిసి కేరళ అయ్యింది 1956 నవంబర్ 1న, సరిగ్గా మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజునే. ఆ అతుకులు మనకెంత కనిపిస్తాయో వాళ్లకీ అంతే కనిపిస్తాయి.

అయితే వాళ్ల సినిమా మొదటినుంచీ అన్ని యాసలనీ నెత్తిన పెట్టుకుందనుకుంటే పొరపాటు. చాలా ఏళ్లు తెర మీద 'మంచి' మలయాళం అంటే వళ్ళువనాడ్ భాష. పాలక్కాడ్ జిల్లా ఒట్టపాలెం పరిసరాల, పెద్ద కులాల ఇళ్లలో వినిపించే పలుకుబడి అది. ఎం.టి. వాసుదేవన్ నాయర్ రాసిన సినిమాలతో దానికి గొప్ప అందం వచ్చింది. మిగతా యాసలు పనివాళ్లకీ, హాస్యగాళ్లకీ, రౌడీలకీ. వింటుంటే మన సంగతే గుర్తొస్తోంది కదా? తెలంగాణ మాటని విలన్‌కీ కమెడియన్‌కీ ఇచ్చేసిన దశాబ్దాలు మనకీ ఉన్నాయి. వాళ్లు ఆ అలవాటునుంచి కొంచెం ముందు బయటపడ్డారు. 2005లో మమ్ముట్టి తిరువనంతపురం యాసలో ఒక సినిమా మొత్తం మాట్లాడితే జనం విరగబడి చూశారు. 2017లో అంగమాలి కుర్రాళ్ల మీద 86 మంది కొత్తవాళ్లతో సినిమా తీసి, పోస్టర్ మీదే 'కట్ట లోకల్', అంటే పక్కా లోకల్ అని వేసుకున్నారు. ముస్లింలు ఎక్కువగా ఉండే మలప్పురాన్ని ఎప్పుడూ అనుమానంగానే చూపించేవాళ్లు, 2018లో ఒక సినిమా దాన్ని సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే) ఫుట్‌బాల్ మైదానం నుంచీ, ఇద్దరు ముసలమ్మల వంటింట్లోంచీ చూపించింది. 'సుడాని ఫ్రం నైజీరియా'. ఆ ముసలమ్మల మాటలకి తెలుగు రాయమంటే నేను మలప్పురం అమ్మమ్మల్ని వదిలేసి మా అమ్మమ్మని తలుచుకుని రాస్తాను, వేరే దారి లేదు.

ఇక బడ్జెట్ సంగతి. నిజమే, మార్కెట్ చిన్నది. 2011 జనాభా లెక్కల్లో కేరళ మొత్తం 3.34 కోట్ల మంది. భారీ సెట్లు వేసి తిరిగి రాబట్టుకోవడం కష్టం కాబట్టి వీధిలోకి వెళ్లి తీయడం అలవాటైంది. కానీ డబ్బు తక్కువైతే సినిమా దానంతటదే సహజంగా వచ్చేస్తుందా? మన దగ్గరా చవగ్గా తీసిన సినిమాలు బోలెడున్నాయి, వాటిల్లో సహజత్వం ఎంతుందో మీకే తెలుసు. నా అనుభవంలో అసలు తేడా ప్రేక్షకుడిలో ఉంది. నేను అద్దెకున్న ఇంటి సందు చివర ఒక చాయ కొట్టు, దాని పక్కన ఒక వాయనశాల, అంటే పఠన మందిరం. పొద్దున్నే చాయ కొట్టులో నాలుగు పేపర్లు చేతులు మారేవి. సాయంత్రం వాయనశాలలో కేరమ్స్ ఆడుతూనే మొన్న చూసిన సినిమాని ఉతికి ఆరేసేవాళ్లు. పి.ఎన్. పణిక్కర్ లాంటివాళ్లు 1945లోనే గ్రంథశాలల్ని ఒక సంఘంగా కట్టి ఊరూరా తిరిగారు. 1952లో కేపీఏసీ నాటక బృందం 'నన్ను కమ్యూనిస్టుని చేసింది మీరే' అన్న అర్థం వచ్చే పేరుతో వేసిన నాటకం ఊరూరా తిరిగింది. తర్వాత పెద్ద దర్శకుడైన అడూర్ గోపాలకృష్ణన్, ఆయన మిత్రులు 1965లో తిరువనంతపురంలో చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. జాన్ అబ్రహాం అనే ఆయన అయితే 1980లలో జనం దగ్గర చందాలు పోగుచేసి సినిమా తీశాడు. ఇన్ని తరాలుగా చదివి, వాదించి, నాటకం చూసి వచ్చినవాడు టికెట్ కొని కూర్చుంటే, వాడి ఊరి గురించి వాడికి తప్పు చెప్పడం దర్శకుడికి కష్టం.

సాహిత్యం కూడా ఆ దారినే తెరకెక్కింది. 1954లో అంటరానితనం మీద వచ్చిన 'నీలక్కుయిల్'కి కథ రాసింది నవలాకారుడు ఉరూబ్. 1965 నాటి 'చెమ్మీన్'కి మూలం తకళి శివశంకర పిళ్ళై నవల. దక్షిణాదిలో రాష్ట్రపతి స్వర్ణ పతకం అందుకున్న మొదటి సినిమా అదే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే 'సొంత సంస్కృతి' అన్న మాట మీద మనవాళ్లకి ఉన్న భ్రమని 'చెమ్మీన్' ఒక్కటే పోగొట్టగలదు. కేరళ సముద్రతీరానికి ప్రతిరూపం అనిపించుకున్న ఆ సినిమాకి సంగీతం బెంగాలీ అయిన సలీల్ చౌధురి. అందులో అందరూ పాడుకునే విషాద గీతం పాడింది మన్నాడే. ఎడిటింగ్‌లో హృషీకేశ్ ముఖర్జీ చెయ్యి ఉంది. కెమెరా మార్కస్ బార్ట్‌లీ, ఆంగ్లో ఇండియన్. 'మాయాబజార్'లో మనకి వెన్నెల కాయించింది ఆయనే కదా! అలాగే కేరళ ఆడదాని దుఃఖానికి ఒక తరం పాటు తెర మీద ముఖంగా నిలిచింది మన తెనాలి అమ్మాయి శారద. 'తులాభారం', 'స్వయంవరం' రెండింటికీ ఆమెకి జాతీయ ఉత్తమ నటి అవార్డులొచ్చాయి. మూడోది తెలుగు 'నిమజ్జనం'కి. కాబట్టి ఆ మట్టిలో పుట్టినవాడే ఆ మట్టిని చూపించగలడు అనే మాట నేను ఒప్పుకోను. శ్రద్ధగా చూసేవాడు కావాలి, వాడు తప్పు చూస్తే పట్టుకునే ప్రేక్షకుడు కావాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే సంగతికి వస్తాను. "మలయాళం సినిమా కేరళ సంస్కృతికి అద్దం" అని పత్రికల్లో రాస్తుంటారు. పదకొండేళ్లు అక్కడ ఉన్నాక నాకలా అనిపించలేదు. వాళ్ల సినిమాకి వాళ్ల సమాజంతో ఉన్నది మేనమామ చుట్టరికం. ప్రేమా ఉంటుంది, దెప్పిపొడుపూ ఉంటుంది, ఆస్తి తగాదా కూడా ఉంటుంది. ఆ తగాదా మొదటి సినిమాతోనే మొదలైంది. 1930కి కాస్త అటూ ఇటూగా జె.సి. డేనియల్ తీసిన మూకీ 'విగతకుమారన్'లో నాయర్ స్త్రీ పాత్ర వేసింది పి.కె. రోజీ అనే దళిత యువతి. తిరువనంతపురం కేపిటల్ థియేటర్లో పెద్ద కులాలవాళ్లు రెచ్చిపోయి తెర మీద రాళ్లేశారు. ఆమె ఊరొదిలి తమిళ ప్రాంతానికి పారిపోవాల్సి వచ్చింది, మళ్లీ ఏ సినిమాలోనూ కనిపించలేదు. ఇప్పుడు కేరళ ప్రభుత్వం ఇచ్చే అతి పెద్ద సినిమా పురస్కారం డేనియల్ పేరు మీద ఉంది. రోజీ పేరు మాత్రం ఎన్నో దశాబ్దాలు ఎవరి నోటా రాలేదు. తమ సినిమా చరిత్ర ఇలా మొదలైందని ఇవాళ మలయాళీలే రాస్తున్నారు, దాని మీద సినిమా కూడా తీశారు.

1973లో ఎం.టి. స్వయంగా దర్శకత్వం వహించిన 'నిర్మాల్యం' చూడండి. దేవత పూనే వెళిచ్చప్పాడు, మన భాషలో గణాచారి లాంటివాడనుకోండి. గుడి పాడుపడింది, ఇంట్లో ఆకలి. చివర్లో కత్తితో నుదురు కొట్టుకుని ఆ రక్తాన్ని అమ్మవారి మీదే ఉమ్మేస్తాడు. దానికి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. ఇవాళ ఆ సీన్ తీస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

అడూర్ 'ఎలిప్పత్తాయం' మన మిత్రులకి చూపిస్తే "వీడు కుర్చీలోంచి లేవడేంటి, కథ నడవదేంటి" అన్నారు. తప్పు వాళ్లది కాదు. మరుమక్కత్తాయం తెలిస్తేనే ఆ సినిమా తెరుచుకుంటుంది. నాయర్ల ఇళ్లలో ఆస్తి తల్లి వైపునుంచి వచ్చేది, పెత్తనం మేనమామది, అంటే కారణవర్‌ది. ఆడపిల్లలకి తరవాడులో, అంటే ఉమ్మడి ఇంట్లో హక్కుండేది. ఆ పద్ధతి చట్టాలతో పోయింది. 1970లో అమల్లోకి వచ్చిన భూసంస్కరణలతో కౌలు రాబడి పోయింది. పని నేర్చుకోని మగవాడు ఒకడు, వాడికి చాకిరీ చేసే చెల్లెలు, వాటా అడిగే అక్క, లేచిపోయే చిన్న చెల్లెలు, ఇంట్లో ఎలకలు. ఆ ఎలకల బోనులో పడింది ఎవరో మలయాళీకి మొదటి పది నిమిషాల్లో తెలుసు. మనకి చివరిదాకా తెలియదు.

అదే తగాదా హాస్యంగా కూడా నడుస్తుంది. 1991 'సందేశం'లో ఇద్దరు అన్నదమ్ములు చెరో పార్టీ. ఇంట్లో అన్నం లేకపోయినా పోలండ్ గురించి కొట్టుకుంటారు. "పోలండ్ గురించి ఒక్క మాట అనకు" అన్న డైలాగ్ ఇవాళ్టికీ అక్కడ ఆఫీసుల్లో వినిపిస్తుంది. 2021లో దర్శకుడు జియో బేబీ వంటింటి మీద తీసిన 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' అయితే ఇళ్లలోనే గొడవలు పెట్టింది. పచ్చడి రోట్లోనే రుబ్బాలి, అన్నం కట్టెల పొయ్యి మీదే వండాలి అని ఎంతో మర్యాదగా, గొంతు పెంచకుండా అడిగే మామగారు. ఆ మర్యాదే భయంకరం. నాకు తెలిసిన ఒక త్రిశూర్ చేచ్చి, అంటే అక్క, ఆ సినిమా చూసి "ఇది మా ఇల్లే" అంది. ఆవిడ భర్త "ఇది మరీ అతి" అన్నాడు. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని చూశారు.

అలాగని అంతా బంగారమేం కాదు. 1990లలో పెద్ద 'మన'ల్లో, అంటే నంబూద్రి సౌధాల్లో, మీసం మెలేసి పంచె ఎగ్గట్టే దొర హీరోల వరద వచ్చింది. ఒట్టపాలెం దగ్గరి 'వరిక్కాశ్శేరి మన' అనే సౌధం ఎన్ని సినిమాల్లో వచ్చిందో లెక్కే లేదు. 'ఎలిప్పత్తాయం' పాతిపెట్టిన మనిషే గుర్రమెక్కి తిరిగొచ్చినట్టుండేది. 2000 ప్రాంతంలో మన ఊళ్లలో 'మలయాళం సినిమా' అంటే మార్నింగ్ షో, గోడ మీద అడ్డంగా చింపిన పోస్టర్. మా నాన్నకి నేను మలయాళం సినిమాలకి మాటలు రాస్తున్నానని చెప్పడానికి మూడేళ్లు పట్టింది.

గల్ఫ్ గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. 1970లనుంచి కేరళలో గల్ఫ్ డబ్బు చేరని వీధి తక్కువ. వాళ్ల సినిమా దాన్ని అన్ని వైపులనుంచీ తిప్పి తిప్పి చూసింది. 1987 'నాడోడిక్కాట్టు'లో ఉద్యోగం లేని ఇద్దరు దుబాయ్ అనుకుని పడవ దిగి, అరబ్బుల వేషం వేసుకుంటారు. తీరా అది మద్రాసు. అందరూ నవ్వారు, కానీ ఆ నవ్వు నిరుద్యోగం మీద. రెండేళ్ల తర్వాత 'వరవేల్పు'లో గల్ఫ్‌నుంచి వచ్చిన మనిషి దాచుకున్న డబ్బుతో బస్సు కొంటే, చుట్టాలు, యూనియన్లు, ఆఫీసులు కలిసి వాణ్ణి మళ్లీ రోడ్డున పడేస్తారు. 2015 'పత్తేమారి'లో జీవితమంతా అక్కడే అరిగిపోయినవాడు. 2024లో బెన్యామిన్ నవల ఆధారంగా 'ఆడుజీవితం'. మన దగ్గర జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌నుంచి ఎంతమంది వెళ్లారు? కడపనుంచి, గోదావరి జిల్లాలనుంచి ఎంతమంది ఆడవాళ్లు ఇళ్లలో పనికి వెళ్లారు? మన సినిమాల్లో వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

రీమేకుల మాట. 'మణిచిత్రత్తాళు' (1993)లో భయమంతా భాషలో ఉంది. మలయాళీ ఇంటి కోడలు ఒక్కసారిగా తంజావూరు నర్తకిలా తమిళంలో మాట్లాడుతుంది. తెలిసిన మనిషి నోట పరాయి భాష! తమిళంలో 'చంద్రముఖి'గా తీసేటప్పుడు ఈ చిక్కొచ్చింది, ఎందుకంటే అక్కడ తమిళం పరాయిది కాదు. అందుకే నర్తకిని తెలుగామెని చేశారు. 'రా రా' పాట తమిళ సినిమాలో కూడా తెలుగులోనే ఉంటుంది. వాళ్ల దయ్యానికి మన భాష వచ్చింది, సంతోషిద్దాం. కథ అర్థమైన రీమేక్ అంటే అది. సంఘటనలతో సరిపెట్టుకోకుండా, ఆ సంఘటన వెనక ఏ సంబంధం పని చేస్తోందో పట్టుకుని, తమ నేలలో దానికి సాటి వెతికారు.

వెంకటేశ్ మహా 'మహేశింటె ప్రతీకారం'ని ఇడుక్కి కొండలనుంచి మన అరకు లోయకి తెచ్చినప్పుడు నాకు అదే నచ్చింది. నలుగురిలో దెబ్బలు తిన్న ఫోటోగ్రాఫర్ పగ తీరేదాకా చెప్పులేసుకోడు. చిన్న ఊళ్లో అందరూ అందరికీ తెలిసినప్పుడే ఆ అవమానానికి బరువుంటుంది. అరకులో ఆ బరువు నిలబడింది. 'అయ్యప్పనుం కోశియుం' సంగతి వేరు. అట్టప్పాడి ఆదివాసీ ప్రాంతంలో మద్యనిషేధం ఉంది. కారులో సీసాలతో దొరికిన డబ్బున్న మాజీ సైనికుడికీ, అక్కడి ఎస్సైకీ మధ్య పంతం. పంతం వెనక కులం, పలుకుబడి, అడవి, అన్నీ ఉన్నాయి. మొదట్లో ఇరుళ భాషలో నంజియమ్మ పాట వస్తుంది. ఆ సినిమాకే ఆమెకి జాతీయ ఉత్తమ గాయని అవార్డు వచ్చింది. పేర్లు చూస్తేనే తేడా తెలుస్తుంది. మలయాళంలో 'అయ్యప్పనూ కోశీనూ', ఇద్దరూ సమానం. తెలుగులో 'భీమ్లా నాయక్'. రెండో మనిషి పేరులోంచే దిగిపోయాడు. మన స్టార్‌తో తీస్తే అంతే, దర్శకుణ్ణి తిట్టి లాభం లేదు.

ఇంకొక మాట దాచకూడదు. తెర మీద అంత సున్నితంగా ఆడవాళ్ల బతుకు చూపించే పరిశ్రమలో తెర వెనక ఏం జరుగుతోందో హేమ కమిటీ నివేదిక చెప్పింది. 2017లో ఒక నటి మీద జరిగిన దాడి తర్వాత, సినిమాల్లో పనిచేసే ఆడవాళ్లు సంఘంగా ఏర్పడి పట్టుబడితే ప్రభుత్వం ఆ కమిటీ వేసింది. 2019 డిసెంబర్‌లో అందిన నివేదిక 2024 ఆగస్టు దాకా బయటికి రాలేదు, వచ్చినప్పుడూ కొన్ని భాగాలు తీసేసి ఇచ్చారు. నివేదికని అన్నేళ్లు తొక్కిపెట్టిందీ ఆ సమాజమే, బయటికి లాగిందీ ఆ సమాజమే. మలయాళం సినిమాని నెత్తిన పెట్టుకునే మన రివ్యూ మిత్రులు ఈ భాగం దాటేసి పోతుంటారు.

దేంతో మొదలుపెట్టాలి అంటే, నా సలహా 'ఈ.మ.యౌ.' (2018). పేరుకి పూర్తి రూపం 'ఈశో మరియం యౌసేప్పె', అంటే యేసు, మరియ, యోసేపు; చనిపోతున్నవాళ్ల చెవిలో చెప్పే ప్రార్థన. కొచ్చి దగ్గర చెల్లానంలో లాటిన్ కేథలిక్ జాలరుల ఇల్లు. తండ్రికి ఘనంగా అంత్యక్రియలు చేస్తానని కొడుకు మాటిస్తాడు, ఆ రాత్రే తండ్రి పోతాడు, వాన మొదలవుతుంది. అది చూసిన మర్నాడు మన 'బలగం' మళ్లీ చూడండి. అక్కడ చర్చి ఫాదర్, ఇక్కడ పిట్టకి పెట్టిన ముద్ద. ఒక చావు చుట్టూ ఒక ఊరు ఎలా మూగుతుందో రెండిట్లోనూ కనిపిస్తుంది, రెండూ ఒకదానికొకటి రీమేకులు కావు.

మలయాళంలోనే చూడండి, కింద సబ్‌టైటిళ్లు పెట్టుకోండి. కొడుకు తండ్రిని ఏమని పిలుస్తున్నాడో చెవితో వినండి. డబ్బింగ్ వెర్షన్ జోలికి పోకండి. డబ్బింగ్ మాటలు రాసుకుని బతికేవాణ్ణి నేనే ఈ మాట చెబుతున్నాను.